ఆషాఢంలో బ్యాండు మేళం: నాలుగు ట్రాకుల క్యాసెట్టు డైరీ

జ్యేష్ఠం చివర: యంత్రం బల్ల మీద

బ్యాండు మేళాన్ని తీరిగ్గా రికార్డు చేయాలంటే ఆషాఢాన్ని మించిన కాలం లేదు. పెళ్లి ముహూర్తాలు ఉండవు. క్లారినెట్లు పెట్టెల్లోకి, డ్రమ్ములు షెడ్డు గోడ మేకులకు, మనుషులు వేరే పనులకు వెళ్లిపోతారు. తెనాలిలో నాకు పరిచయమున్న బ్యాండు మాస్టారు ముందే షరతు పెట్టారు: "ఆషాఢంలో ఎన్నిసార్లు పిలిచినా వస్తాం బాబూ. శ్రావణం వచ్చిందంటే మాత్రం నా ఫోను మోగించవద్దు." అందువల్ల జ్యేష్ఠం గడిచేలోపే యంత్రం పనిలోకి రావాలి.

యంత్రం టాస్కామ్ పోర్టాస్టూడియో 424. మా బావమరిది డాలస్‌లో పాత సామాన్ల అమ్మకంలో కొని, సెలవులకు వచ్చినప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చాడు. మిక్సరు, క్యాసెట్ డెక్కు రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. మామూలు క్యాసెట్టులో ఒక వైపు రెండు ట్రాకులు, అంటే టేపు మీద శబ్దం రాసే సన్నని దారులు, తిప్పి పెడితే మరో రెండు. ఈ యంత్రం ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడుకుంటుంది, పైగా టేపును రెట్టింపు వేగంతో నడుపుతుంది. టాస్కామ్ మాతృసంస్థ టీయాక్ 1979లో 144 అనే మోడల్‌తో ఈ పద్ధతి మొదలుపెట్టింది. స్టూడియో అద్దె కట్టలేని వాళ్లు ఇంట్లోనే ఒక్కొక్క వాద్యం చేర్చుకుంటూ పాటలు కట్టుకోవడం అప్పటి నుంచే సాధ్యమైంది.

చేతిలో ఫోను ఉండగా ఇదంతా ఎందుకని ఇంట్లో అడిగారు. ఈ మేళం వాయించింది ఇంతవరకు పెళ్లి వీడియోల్లోనే ఉంది. పెద్ద డ్రమ్ము మీద దెబ్బ పడిన ప్రతిసారీ ఫోను తనంతట తానే శబ్దం తగ్గించుకుంటుంది, క్లారినెట్టు ఎక్కడికో పోతుంది, మళ్లీ మెల్లగా పైకి వస్తుంది. సొంత బుర్ర లేని యంత్రం కావాలనుకున్నాను. ఇంకో సంగతి, నాలుగే ట్రాకులు ఉంటే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తర్వాత చూసుకుందామని వాయిదా వేయడం కుదరదు. వాయించకముందే తేల్చుకోవాలి. నాకు ఆసక్తి కలిగించింది ఆ నిర్బంధమే.

మూత తీయగానే బెల్టు సాగిపోయి కనిపించింది. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న రబ్బరు బెల్టు పుల్లీ దగ్గర వంపు తిరిగిపోతుంది, లేదా జిగురుగా కరిగి పుల్లీకి అంటుకుంటుంది. నాకు దక్కింది మొదటి రకం, అదృష్టమే. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఒక కొట్టు పెద్దాయన పాత బెల్టును రెండు వేళ్లకు తగిలించి, సాగదీసి, డబ్బాలోంచి అంతకంటే కాస్త చిన్నది తీసి ఇచ్చారు. కొలబద్ద ముట్టుకోలేదు. తెచ్చి వేస్తే సరిగ్గా కూర్చుంది.

టేపు మీద శబ్దాన్ని రాసి, చదివే హెడ్డు మీద ఇటుక రంగు పొర పేరుకుని ఉంది. అది పాత టేపుల నుంచి రాలిన ఐరన్ ఆక్సైడు. దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడిచాను. టేపును క్యాప్‌స్టన్ కడ్డీకి అదిమి పట్టే రబ్బరు రోలరుకు మాత్రం సబ్బు నీళ్లే వాడాను, ఆల్కహాల్ తగిలేకొద్దీ రబ్బరు ఎండి గట్టిపడుతుంది. తర్వాత డీమాగ్నెటైజరు. దాన్ని హెడ్డుకు మూరెడు దూరంలో ఉండగానే స్విచ్ వేయాలి, మెల్లగా దగ్గరికి తీసుకురావాలి, అంతే మెల్లగా దూరం జరిపాకే ఆపాలి. దగ్గర ఉండగా ఆపితే, తీసేద్దామనుకున్న అయస్కాంతాన్ని మనమే హెడ్డులోకి ఎక్కించినట్టవుతుంది. ఆ సమయంలో రికార్డు చేసిన క్యాసెట్టు ఒక్కటీ ఆ గదిలో ఉండకూడదు.

అమెరికా సరుకు కాబట్టి మన 230 వోల్టుల కరెంటును 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మొదట యంత్రం పక్కనే పెట్టాను. హెడ్‌ఫోన్లలో సన్నగా రొద వినిపించింది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం ప్లేబ్యాక్ హెడ్డుకు నేరుగా తగులుతుంది. దాన్ని బల్ల కిందికి దించి, గుండెకాయంత దిమ్మను అటూ ఇటూ తిప్పుతూ వింటే ఒక కోణంలో రొద దాదాపు మాయమైంది. ఆ కోణంలోనే నేల మీద పెట్టి చుట్టూ గీత గీశాను.

ఆషాఢం మొదట్లో: టేపు

క్యాసెట్టును ఫిలిప్స్ సంస్థ 1963లో బయటపెట్టింది. లూ ఓటెన్స్ బృందం బెల్జియంలోని హాసెల్ట్‌లో దాన్ని రూపొందించినప్పుడు కోటు జేబులో పట్టే యంత్రం గురించి ఆలోచించారే తప్ప తొమ్మిది మంది బ్యాండు గురించి కాదు. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. నడిచే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. పెద్ద స్టూడియోల్లో ఇరవై నాలుగు ట్రాకులకు వాడిన టేపు రెండంగుళాలు, అంటే 5.08 సెంటీమీటర్ల వెడల్పు, సెకనుకు 38 సెంటీమీటర్లు పరుగెత్తేది. నా నాలుగు ట్రాకుల్లో ఒక్కొక్కదానికి దక్కేది అర మిల్లీమీటరు పైచిలుకు.

రెట్టింపు వేగం ఎందుకంటే, 10 కిలోహెర్ట్జ్ స్వరం మామూలు వేగంలో టేపు మీద 4.76 మైక్రాన్ల తరంగంగా పడుతుంది. వేగం రెట్టింపయితే ఆ తరంగం కూడా దాదాపు 9.5 మైక్రాన్లకు సాగుతుంది. హెడ్డుకు చదవడం సులువవుతుంది, తాళాల మెరుపు, ట్రంపెట్ల అంచు నిలుస్తాయి. ఖరీదు కూడా ఉంది. వైపుకు అరగంట వచ్చే అరవై నిమిషాల క్యాసెట్టు ఇందులో పావుగంటే వస్తుంది, తిప్పి పెట్టడానికి రెండో వైపు అంటూ ఉండదు.

తొంభై నిమిషాల క్యాసెట్టు కొంటే సమయం పెరుగుతుంది కదా అనిపిస్తుంది. నేను అరవైకే కట్టుబడ్డాను. అరవై నిమిషాల టేపు మందం సుమారు 16 నుంచి 18 మైక్రాన్లు, తొంభైది 12. నూట ఇరవైదయితే 9 మైక్రాన్లే, దాన్ని ఈ యంత్రం దగ్గరికి రానివ్వను. పలచటి టేపు ముందుకీ వెనక్కీ పదేపదే తిప్పితే సాగుతుంది, రోలరుకు చుట్టుకుంటుంది.

ఈ యంత్రాన్ని తయారీలోనే టైప్ టూ అనే రకం టేపుకు సర్దారు. అందుకని వాడని పాత నిల్వ టీడీకే ఎస్‌ఏ క్యాసెట్లు సంపాదించాను. మా కోస్తా తేమలో పాత టేపు కొనేటప్పుడు ధరకంటే ముందు క్యాసెట్టు కిటికీలోంచి చూడాలి. చుట్ట అంచున తెల్లటి మచ్చ ఉందంటే బూజు పట్టినట్టే. అలాంటిది ఒక్కటి నడిపినా హెడ్డు ఖరాబవుతుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకూ అంటుకుంటుంది. అలా పక్కన పెట్టినవి కొన్ని మా మేనల్లుడు ఆడుకోవడానికి తీసుకెళ్లాడు.

మాస్టారు క్లారినెట్టుతో వచ్చారు. ఎలక్ట్రానిక్ పరికరాలతో వేగం కొలిచే పద్ధతులు ఉన్నాయి గానీ, నేను ఆయననే ఒక షడ్జమం పట్టమన్నాను. శ్వాస ఉన్నంత సేపు నిలిపారు. తిరిగి వినిపిస్తే రెండో క్షణంలోనే తల అడ్డంగా ఊపారు. "ఇది నేను పట్టిన సా కాదు. ఊగుతోంది." నిజమే, చాలా సన్నని ఊపు. ఇదే యంత్రంలో రాసి ఇదే యంత్రంలో వింటున్నప్పుడు మొత్తం వేగం కాస్త ఎక్కువ తక్కువైనా బాధ లేదు, రెండు సార్లూ అదే తేడా ఉంటుంది కాబట్టి రద్దయిపోతుంది. క్షణక్షణానికి మారే వేగం మాత్రం రద్దు కాదు. పాత నిల్వ టేపు ఏళ్ల తరబడి బిగుసుకుని ఉండి వదలడానికి మొరాయిస్తోంది. చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కి తిప్పి, అరచేతిలో చదునుగా తట్టి పెట్టాను. ఈసారి మాస్టారు ఏమీ అనలేదు, తర్వాతి స్వరం వాయించడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ప్రతి క్యాసెట్టుకూ ఆ తిప్పుడు అయ్యాకే రికార్డింగు.

షెడ్డు

మేళం షెడ్డు రేకుల కప్పు. ఆషాఢమంటే వాన, వానంటే ఆ రేకుల మీద ఇంకో మేళం. ఇటుక గోడలు, సిమెంటు నేల. చప్పట్లు కొడితే శబ్దం గోడకూ గోడకూ మధ్య గలగలమని తిరుగుతుంది. అందులో రెండు ట్రంపెట్లు కలిసి పలికితే చెవులు గింగురుమంటాయి.

ముహూర్తాలు లేని నెలలో టెంటు హౌసు కూడా ఖాళీనే. జంపఖానాలు, మడతపెట్టిన షామియానా గుడ్డలు నామమాత్రపు అద్దెకు ఇచ్చారు. జంపఖానాలు నేలంతా పరిచాం. షామియానాలను ట్రంపెట్ల ఎదురుగోడకు తాళ్లతో వేలాడదీశాం, గోడకు అంటకుండా జానెడు ఎడం వదిలి. గుడ్డ గోడకు అతుక్కుని ఉంటే సన్నని శబ్దాలనే మింగుతుంది, ఆ ఎడం వల్ల మరికాస్త కింది స్థాయి దాకా పట్టుకుంటుంది. పెద్ద డ్రమ్ము గుమగుమకు మాత్రం ఏ గుడ్డా చాలదు. దాన్ని మూల నుంచి షెడ్డు మధ్యకు జరిపితే చాలావరకు తగ్గింది.

రైళ్ల సంగతి మార్చలేం. తెనాలి జంక్షను, విజయవాడ నుంచి చెన్నై వెళ్లే ప్రధాన మార్గం మీదిది. గుంటూరుకు, రేపల్లెకు దారులు ఇక్కడే చీలుతాయి. షెడ్డు పట్టాలకు దగ్గర. కూత వినిపిస్తే మాస్టారు చెయ్యెత్తుతారు, అందరూ ఆగుతారు. సరుకుల బండి అయితే టీ తాగి వచ్చేంత సమయం దొరుకుతుంది.

ఎవరు ఎక్కడ నిలబడాలి

తొమ్మిది మంది. క్లారినెట్లు రెండు, ట్రంపెట్లు రెండు, మంద్రంగా పలికే ఇత్తడి వాద్యం యూఫోనియం ఒకటి, సైడ్ డ్రమ్ములు రెండు, పెద్ద డ్రమ్ము, తాళాలు. మైకులు నాలుగు. ఈ యంత్రం కండెన్సర్ మైకులకు కావలసిన కరెంటు ఇవ్వదు కాబట్టి డైనమిక్ మైకులే. రెండు షూర్ ఎస్‌ఎం57లు నావి, రెండు అహూజా మైకులు టెంటు హౌసువి.

నేను అనుకున్నది అర్ధచంద్రాకారం. అందరూ లోపలికి తిరిగి, ఒకరినొకరు చూసుకుంటూ. అలా నిలబెట్టి వాయించమంటే లయ కుదరలేదు. సైడ్ డ్రమ్ము కుర్రవాడు పదే పదే పక్కకు చూస్తున్నాడు. మాస్టారు అటూ ఇటూ నడిచి చివరికి అన్నారు: "మేం ఇరవై ఏళ్లుగా ఊరేగింపులో ఒకే వరసలో నడుస్తున్నాం బాబూ. ఎవరి చెవికి ఏది ఎంత వినపడాలో ఆ వరసలోనే అలవాటైంది. అలాగే నిలబడతాం, నీ మైకులు నువ్వు సర్దుకో."

ఊరేగింపు వరస అంటే ముందు క్లారినెట్లు, వాటి వెనక ట్రంపెట్లు, తర్వాత యూఫోనియం, చివర డ్రమ్ములు, పక్కన తాళాలు. షెడ్డు పొడవునా అందరూ వీధి వైపు తిరిగి నిలబడ్డారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందు నుంచి వింటే, నేను మీటల మీద చేద్దామనుకున్న పని సగం ఆ వరసే చేసి పెట్టింది. మెత్తటి వాద్యం ముందు, గట్టివి దూరం. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, షెడ్డులో గోడల వల్ల అంత తగ్గదు గానీ తేడా స్పష్టంగా ఉంది. మైకులే కనిపెట్టని రోజుల్లోంచి నడుస్తున్న మేళాల కొలత అది. అర్ధచంద్రం గీసిన సుద్దను కాలితో చెరిపేశాను.

క్లారినెట్టుకు మైకు గంట దగ్గర, అంటే విచ్చుకున్న చివర దగ్గర పెడితే పై స్వరాలు సన్నబడతాయి. ఆ వాద్యంలో శబ్దం ఎక్కువగా తెరిచిన రంధ్రాల్లోంచి వస్తుంది, అన్నీ మూసిన అట్టడుగు స్వరానికే గంట పూర్తిగా పనిచేస్తుంది. అందుకని రెండు క్లారినెట్ల మధ్య, వేళ్లకు ఎదురుగా, అడుగు దూరంలో ఒక ఎస్‌ఎం57. ట్రంపెట్టు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పదునంతా గంటకు సూటిగా దూసుకొస్తుంది. మైకును నాలుగైదు అడుగుల దూరంలో, గంట దారి నుంచి పక్కకు తప్పించి పెట్టాను. యూఫోనియం గంట ఆకాశం చూస్తుంది కాబట్టి మైకు పైనుంచి వేలాడాలి, దాన్ని దూలానికి కట్టాం. నాలుగోది డ్రమ్ముల మధ్య. తాళాలకు మైకు ఇవ్వలేదు. పిలవకపోయినా అన్ని మైకుల్లోకీ వచ్చే వాద్యం అది.

ఏ వాద్యం ఏ ట్రాకు మీదన్నది కూడా తేల్చుకోవాలి. 1, 4 ట్రాకులు టేపు అంచున ఉంటాయి. అంచు త్వరగా అరుగుతుంది, దుమ్ము తగిలితే టేపు హెడ్డు నుంచి క్షణం పాటు లేస్తుంది. ఆ ఎడం వల్ల పోయే శబ్దం తరంగం పొట్టిదయ్యేకొద్దీ పెరుగుతుంది. పొడుగు తరంగాల మంద్ర స్వరాలు పెద్దగా దెబ్బతినవు. కాబట్టి యూఫోనియం 1 మీద, డ్రమ్ములు 4 మీద, లోపలి 2, 3 ట్రాకుల మీద క్లారినెట్లు, ట్రంపెట్లు. పక్క ట్రాకుల్లోకి శబ్దం జారుతుందన్న భయం పుస్తకాల్లో చాలా కనిపిస్తుంది. తొమ్మిది మంది ఒకే షెడ్డులో ఊదుతుంటే మైకుల్లోకి జారేదాని ముందు టేపులో జారేది లెక్కలోకి రాదు.

లెవెళ్లు

మీటరు అన్ని వాద్యాలకూ ఒకే మాట చెప్పదు. రికార్డు చేసేటప్పుడు యంత్రం పై స్థాయి శబ్దాలను పెంచి టేపు మీద రాస్తుంది, కాబట్టి ట్రంపెట్లు, తాళాలు మీటరు సున్నాకు చేరకముందే టేపును నింపేస్తాయి. పెద్ద డ్రమ్ము సున్నా దాటి 3, ఒక్కోసారి 6 దాకా వెళ్లినా టేపు దాన్ని కాస్త గుండ్రంగా చేసి ఊరుకుంటుంది. ఆ గుండ్రదనం నాకు నచ్చింది. ట్రంపెట్లు నిండితే మాత్రం గరగరలాడతాయి, అది టేపు గొప్పతనమని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. 3వ ట్రాకును సున్నాకు 6 డెసిబెల్స్ కిందే ఉంచాను.

ఎక్కువ సేపు తీసుకున్నది డీబీఎక్స్ గురించిన నిర్ణయం. రికార్డింగులో శబ్దపు హెచ్చుతగ్గులను సగానికి కుదించి, వినేటప్పుడు మళ్లీ రెట్టింపు చేసే ఏర్పాటు అది. టేపు బుస వినపడకుండా పోతుంది. క్లారినెట్టు ఒంటరిగా ఆలపిస్తే అద్భుతంగా ఉంది. పెద్ద డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి గుట్టు బయటపడింది. ప్రతి దెబ్బ వెంట బుస పైకి లేచి, నాదం తగ్గేకొద్దీ అణుగుతోంది. లోతైన దెబ్బ ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని కప్పేంత పై స్థాయి శబ్దం ఉండదు కదా. అందరూ వాయిస్తున్నప్పుడు తెలియదు, ఒంటరి దెబ్బల్లో తెలుస్తుంది. మాస్టారి మేళంలో ప్రతి పాటా పెద్ద డ్రమ్ము ఒంటరి దెబ్బలతోనే మొదలవుతుంది.

డీబీఎక్స్ ఆపేశాను. అది లేకుండా టేపు మోయగల గట్టి శబ్దానికి, బుసకు మధ్య ఉండేది యాభై డెసిబెల్స్ పైచిలుకే. బ్యాండు హోరులో అది సరిపోతుంది. మోహన రాగంలో మాస్టారు పాటకు ముందు చేసే చిన్న ఆలాపనలో మాత్రం బుస బయటికి వస్తుంది. మీట పైకి లాగితే బుస కూడా లేస్తుంది కాబట్టి దాని జోలికి పోలేదు. ఆలాపన అప్పుడు మైకుకు ఇంకాస్త దగ్గరికి రండి, పల్లవికి వెనక్కి వెళ్లండి అన్నాను. రెండు చోట్లా సుద్దతో పాదాలు గీశాం. రెండో క్లారినెట్టు వాయించే ఆయన ఆ పాదాల బొమ్మలు చూసి, లక్ష్మీదేవి అడుగుల పక్కన మాస్టారి అడుగులు అని నవ్వారు.

టేకులు

బ్యాండు మేళానికి ఆగడం అలవాటు లేదు. ఎదుర్కోలు నుంచి విడిది దాకా ఒక పాట తోకలోంచి మరో పాట పుట్టుకొస్తుంది, పెళ్లివారు చాలనేదాకా. నాకేమో పావుగంట టేపు. కౌంటరు చూస్తూ కూర్చుని, రెండు నిమిషాలు ఉందనగా తెల్ల తువ్వాలు పైకెత్తుతానని ఒప్పందం. పెద్ద డ్రమ్ము ఆయన తువ్వాలు చూసి ముగింపు దరువు అందుకుంటారు, మిగతావాళ్లు వెనక్కి చూడకుండానే సర్దుకుంటారు. వెనక నుంచి వచ్చే దెబ్బతోనే అందరికీ అన్నీ తెలుస్తాయి.

డ్రమ్ములకు ఇప్పుడు ప్లాస్టిక్ తలలే కాబట్టి వానగాలికి మెత్తబడవు. ఇబ్బంది పెట్టింది క్లారినెట్టు రీడ్లు, అంటే ఊదినప్పుడు అదిరే పలచని బద్దలు. అవి రెల్లు జాతి కాడతో చేసినవి, తేమకు ఉబ్బుతాయి. మాస్టారు డబ్బా తెరిచి ఒక్కొక్కటీ నాలుక మీద పెట్టి చూసి, ఊది, పక్కన పెట్టి, చివరికి అంచు అరిగిన పాతదే ఎంచుకున్నారు. శ్రుతి చూసుకోవడం కూడా కొంతసేపు వాయించాకే. ఊపిరికి వాద్యం వేడెక్కేకొద్దీ శ్రుతి పైకి జరుగుతుంది.

మొదటి పూట తీసినదాంట్లో ఒకటే నిలిచింది. మిగిలినవాటిలో ఒకదాని మధ్యలో వాన అందుకుంది, ఒకదానిలో రేపల్లె పాసింజరు కూత సరిగ్గా చరణం ఎత్తుగడ మీద పడింది. ఒక టేకులో అంతా బాగుండి, ట్రంపెట్టు ఒక్క స్వరం జారింది. వాయించింది మాస్టారి పెద్దబ్బాయి. "ఆ ఒక్క ముక్క నా ట్రాకు మీద మళ్లీ వాయిస్తాను" అన్నాడు. యంత్రంలో ఆ సదుపాయం ఉంది, కానీ ఆ తప్పు స్వరం క్లారినెట్టు మైకులోనూ డ్రమ్ము మైకులోనూ పడి ఉంది. ఒక ట్రాకులో చెరిపినా మిగతా మూడింట్లోంచి పలుకుతుంది. ఇది విన్నాక అబ్బాయి ముఖం చిన్నబోయింది, మాస్టారు మాత్రం సంతోషించారు: "పెళ్లిలో చెరుపుతావా? మొదటి నుంచి పద."

ఆ నిలిచిన టేకును ఒక మామూలు క్యాసెట్టులోకి దించి మాస్టారి ఇంట్లోని టూ ఇన్ వన్‌లో, అంటే రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన పెట్టెలో, పెట్టి విన్నాం. పెద్ద డ్రమ్ము లేదు. నా హెడ్‌ఫోన్లలో ఛాతీకి తగిలిన దెబ్బ ఆ చిన్న స్పీకరులో గాలికి పోయింది. మీట పెంచితే హెడ్‌ఫోన్లలో మిగతాదంతా మునుగుతుంది. చిన్న స్పీకరు లోతును పలకలేదు గానీ, కర్ర డ్రమ్ము ముఖానికి తగిలే చప్పుడును పలకగలదు. అందుకని తర్వాతి పూట డ్రమ్ముల మైకును పక్క నుంచి తీసి, కర్ర పడే ముఖానికి ఎదురుగా తిప్పాను. సైడ్ డ్రమ్ముల వాళ్లను అడుగు వెనక్కి జరిపాం. టూ ఇన్ వన్‌లో దెబ్బ పడ్డ చోటు తెలిసింది, హెడ్‌ఫోన్లలో లోతు అలాగే ఉంది.

ఆ పూట వాన రాలేదు. ఎదుర్కోలు వరస, ఊరేగింపు నడక, ఆలాపనతో మొదలయ్యే పెద్ద పాట, మూడూ ఒకదాని వెంట ఒకటి పూర్తయ్యాయి. పెద్ద పాటలో ఆలాపన ముగించి మాస్టారు గీత వెనక్కి జరిగినప్పుడు చెప్పు జంపఖానా మీద రాసుకున్న చప్పుడు 2వ ట్రాకులో పడింది. దాన్ని తీసేయమని ఆయనా అడగలేదు, నేనూ తీయలేదు.

మిక్సు, కాపీలు

మిక్సింగులో రాయడానికి పెద్దగా లేదు. యూఫోనియం, డ్రమ్ములు మధ్యన, క్లారినెట్లు కొంచెం ఎడమకు, ట్రంపెట్లు కొంచెం కుడికి. మీటలు ఒకసారి సర్దాక ఊరేగింపు నడకలో వాటిని ముట్టుకోవలసిన అవసరమే రాలేదు. పెద్ద పాటలో ఆలాపన అయ్యేదాకా 3, 4 ట్రాకులను కిందికి దించి ఉంచాను, ఆ రెండింటి బుస తగ్గడానికి. డ్రమ్ము మొదటి దెబ్బకు ముందు పైకి లేపాలి. ఆ దెబ్బకు ముందు మాస్టారు గట్టిగా ఊపిరి పీల్చడం టేపులో వినపడుతుంది, నాకు అదే గుర్తు.

మిక్సు రెండు చోట్లకు వెళ్లింది. ఒకటి కంప్యూటర్లోకి, రెండోది మామూలు క్యాసెట్ డెక్కులోకి. కాపీలకు మామూలు రకమైన టైప్ వన్ ఫెర్రిక్ టేపే వాడాను, బుస తగ్గించే డాల్బీ ఏర్పాటును ఆపేశాను. టూ ఇన్ వన్‌లో టైపు మార్చే స్విచ్చూ లేదు, డాల్బీ కూడా లేదు. టైప్ టూ మీద ఇస్తే తాళాలు చెవులు గుచ్చుతాయి.

ఒక యంత్రంలో రాసి మరో యంత్రంలో వినేటప్పుడు హెడ్డు వంపు కలవాలి, లేకపోతే పై స్థాయి శబ్దమంతా మసకబారుతుంది. మాస్టారి టూ ఇన్ వన్ హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను తిప్పితే ఆయన పాత క్యాసెట్లన్నీ మసకబారతాయి, ఆ పని చేయను. నా డెక్కు స్క్రూనే ఆయన యంత్రానికి తగినట్టు తిప్పాను. ఆయన దగ్గర బాగా పలికే ఒక పాత భజన క్యాసెట్టు తెచ్చి నా డెక్కులో పెట్టి, తాళం అంచు అన్నిటికంటే స్పష్టంగా వినిపించే చోట ఆపాను.

క్యాసెట్టు కాపీకి అడ్డదారి లేదు, పాట ఎంత సేపో అంత సేపూ పడుతుంది. మనిషికొకటి చొప్పున తొమ్మిది. ఒక్కొక్కటీ అవగానే మీద పేర్లు రాసి, మళ్లీ ఎవరూ పొరపాటున రికార్డు చేయకుండా వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ నాలుకలూ విరిచాను. యూఫోనియం వాయించే ఆయన ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు, అందుకని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. తీసుకుని జేబులో పెట్టుకుని, "నా పేరు రాసిన క్యాసెట్టేది?" అని అడిగి అది కూడా పట్టుకెళ్లారు.